చెయ్యి ఎత్తాక ఆగడం

మనిషి జీవితం మొత్తంలో ఎదుటివాళ్ల మీద ఎక్కువగా చెయ్యి చేసుకునే వయసు ఏదని అడిగితే, పదిహేడో పద్దెనిమిదో అంటారు చాలామంది. నేరవార్తలు చదివేవాళ్లకి ఆ జవాబు సబబుగానే తోస్తుంది. ఒకప్పుడు నేరశాస్త్రజ్ఞుల అభిప్రాయమూ దాదాపు అదే. పుట్టిన బిడ్డ మంచివాడే, లోకాన్ని చూసి, పక్కవాణ్ణి చూసి, సినిమాలు చూసి చెడిపోతాడని మనమూ అనుకుంటాం.

ఈ నమ్మకాన్ని తలకిందులు చేసినవాడు మాంట్రియల్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ ట్రెంబ్లే. 1984లో ఆయన బృందం ఆ నగరంలోని పేదవాడల బడుల్లో కిండర్‌గార్టెన్ చదువుతున్న 1,037 మంది మగపిల్లల్ని ఎంచుకుంది. వాళ్లు ఎదుగుతుంటే ఏళ్ల తరబడి వెంట ఉండి వివరాలు రాసుకుంది. ఎవడు ఎవణ్ణి తోశాడు, ఎవడు కొట్లాటకి ముందుంటాడు అని టీచర్లని అడుగుతూ పోయింది. 1999లో ట్రెంబ్లే, గణాంకవేత్త డేనియల్ నాగిన్ కలిసి, ఆరేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా పోగైన ఆ లెక్కల్ని విడదీసి చూశారు. పిల్లలు నాలుగు గుంపులుగా తేలారు. మొదట్నుంచీ నెమ్మదస్తులు కొందరు, కాస్త దురుసుగా మొదలై నెమ్మదించినవాళ్లు ఎక్కువమంది, బాగా దురుసుగా మొదలైనా నెమ్మదించినవాళ్లు ఇంకొందరు. ఎప్పటికీ తగ్గనివాళ్లు 4 శాతం. అందరూ ఉంటుందనుకున్న గుంపు మాత్రం లేదు. చిన్నప్పుడు బుద్ధిమంతుడిగా ఉండి, మీసాలొచ్చే వయసులో కొత్తగా కొట్లాటలకి దిగినవాళ్ల గుంపు వెతికినా దొరకలేదు.

ఆరేళ్లకే ఇంత దురుసుతనం ఉంటే అది ఎప్పుడు మొదలైనట్టు? ట్రెంబ్లే ఇంకా వెనక్కి వెళ్లాడు. 572 కుటుంబాల్లోని పసిపిల్లల్ని పదిహేడు నెలల వయసు నుంచి మూడున్నరేళ్ల దాకా గమనించిన అధ్యయనం 2004లో వెలువడింది. తొయ్యడం, కొరకడం, రక్కడం, జుట్టు పట్టుకు లాగడం, చేతిలో ఏదుంటే అది విసరడం, ఇవన్నీ నడక వచ్చిన కొన్నాళ్లకే మొదలై రెండేళ్లకీ నాలుగేళ్లకీ మధ్య పతాకస్థాయికి చేరి, ఆ తర్వాత దిగడం మొదలుపెడతాయి. రెండున్నరేళ్లవాడు గంటసేపట్లో ఇంట్లో చేసే దాడులు పెద్దవాడెవడైనా వీధిలో చేస్తే సాయంత్రానికి స్టేషన్లో ఉంటాడు. పసివాడి చేతిలో బలం లేదు, ఆయుధం లేదు కాబట్టి మనం నవ్వి ఊరుకుంటున్నాం.

దీంతో ప్రశ్నే మారిపోయింది. పిల్లలు కొట్టడం ఎక్కడ నేర్చుకుంటారని వెతకడం దండగ, అది నేర్పకుండానే వచ్చేస్తుంది. వాళ్లు నేర్చుకునేది కొట్టకుండా ఉండటం. ఎత్తిన చెయ్యి గాల్లో ఉండగానే ఆపుకునే ఆ విద్య చాలామందికి ఇంట్లోనే, ఎవరూ పాఠం పెట్టకుండానే అబ్బుతుంది. కొందరికి అబ్బదు. ఆ కొందరికి దాన్ని పనిగట్టుకుని నేర్పగలమా అన్నదే ఈ అధ్యాయం.

ముందు, చాలామందికి ఎలా అబ్బుతుందో చూద్దాం. వయసొస్తే అదే తగ్గుతుందని పెద్దవాళ్లు అంటే అందులో సగం నిజం ఉంది. ఆవేశానికి కళ్లెం వేసే పని చాలావరకు నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ది. అది పాతికేళ్లు వచ్చేదాకా ముదురుతూనే ఉంటుంది. ఆ లోపు దాని పని ఎవరో ఒకరు చేసిపెట్టాలి. గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డని భుజాన వేసుకుని, వీపు నిమురుతూ అటూ ఇటూ తిప్పే అమ్మమ్మ చేసేది అదే. తనంతట తాను నెమ్మదించడం రానివాడికి ఆవిడ తన నెమ్మదిని అరువిస్తోంది.

మరో సగం మాటల్లో ఉంది. ట్రెంబ్లే బృందమే పందొమ్మిది నెలల కవల పిల్లల్ని పరిశీలించింది. మాటలు తక్కువ వచ్చిన పిల్లల్లో కొట్టడం ఎక్కువగా కనిపించింది. సంబంధం చాలా పెద్దదేమీ కాకపోయినా ఆలోచిస్తే సహజమే. 'నాది', 'నాకివ్వు', 'పో' అనే మూడు మాటలు నోటికొస్తే చేతికి కొంత పని తగ్గుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్మన్ 2007లో చేసిన ప్రయోగం దీనికి మెదడు వైపు నుంచి ఒక సాక్ష్యం. కోపంగానో భయంగానో ఉన్న ముఖాల బొమ్మలు చూపిస్తే, మెదడు లోపల అపాయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం చురుకవుతుంది. ఆ ముఖంలో ఉన్న భావానికి సరిపోయే పేరు ఎంచుకోమన్నప్పుడు ఆ చురుకు తగ్గింది, కార్టెక్స్‌లో ఒక భాగం పుంజుకుంది. ప్రయోగంలో ఉన్నవాళ్లు పెద్దవాళ్లు, సంఖ్య కూడా తక్కువే. అయినా "వాడు నీ బంతి లాక్కున్నాడని ఉక్రోషం వచ్చింది కదూ" అని పిల్లవాడితో అనడం ఒట్టి గారాబం కాదని చెప్పడానికి అది చాలు.

మనం ఎక్కువగా అనే మాట వేరు. "మగపిల్లాడివి, ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా?" బాధ, భయం, అవమానం అన్నీ ఆడపిల్లల ఖాతాలో రాసేసి, మగవాడికి కోపం ఒక్కటి వదిలిపెట్టాం. ఏ బాధ కలిగినా అది కోపం రూపంలోనే బయటికి రావాలన్నమాట. నిగ్రహమంటే లోపలికి నొక్కెయ్యడమన్న అపోహ కూడా ఇక్కడిదే. జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1990లలో చేసిన ప్రయోగాల్లో, కలత పెట్టే సినిమా దృశ్యాలు చూస్తూ ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా బిగబట్టుకున్నవాళ్లకి లోపలి బాధ తగ్గలేదు, శరీరం మీద ఒత్తిడి మాత్రం పెరిగింది. చూస్తున్నదాన్ని వేరే కోణంలో అర్థం చేసుకోవడానికి ప్రయత్నించినవాళ్లకి బాధే తగ్గింది.

ఆ 'వేరే కోణం' పిల్లల తగవుల్లో ఎంత పనిచేస్తుందో కెన్నెత్ డాడ్జ్ అనే పరిశోధకుడు 1980లో చూపించాడు. బడిపిల్లలకి ఒక బొమ్మ ముక్కలిచ్చి పేర్చమన్నాడు, పేరిస్తే బహుమతి. సగం పని అయ్యాక, పక్కగదిలో ఉన్న ఇంకో పిల్లవాడు దాన్ని చెడగొట్టాడని వీళ్లకి తెలిసేలా చేశాడు. వాడు కావాలనే చెడగొట్టాడని స్పష్టంగా తెలిసినప్పుడు నెమ్మదస్తులూ దురుసువాళ్లూ ఒకేలా మండిపడ్డారు. పొరపాటున జరిగిందని స్పష్టమైతే ఇద్దరూ ఊరుకున్నారు. అదేదో తేలనప్పుడే తేడా వచ్చింది. నెమ్మదైన పిల్లలు 'పోన్లే, చూసుకోలేదేమో' అన్నట్టు ప్రవర్తించారు. దురుసువాళ్లు 'కావాలనే చేశాడు' అని ఖాయం చేసేసుకున్నారు. వాళ్ల దృష్టిలో వాళ్లు ముందు కొట్టరు, ఎప్పుడూ తిరిగి కొడుతున్నారు. డాడ్జ్ బృందం తర్వాత తొమ్మిది దేశాల్లో వెయ్యిమందికి పైగా పిల్లల్ని పరిశీలించినప్పుడు కూడా ఇదే ధోరణి కనిపించింది.

అలా ఖాయం చేసుకోవడం ఊరికే రాదు. ఇంట్లో ఎప్పుడు ఏ దెబ్బ పడుతుందో తెలియక పెరిగినవాడికి, వీధిలో మెతగ్గా కనిపిస్తే మర్నాడు బూట్లు కూడా మిగలవని తెలిసినవాడికి, చెడు ఊహించడమే క్షేమం. ఇది మరిచిపోయి 'ప్రశాంతంగా ఉండు నాయనా' అని చెబితే వాడు మనల్ని చూసి నవ్వుతాడు, న్యాయంగానే.

చికాగో నగరంలోని కటిక పేదవాడల బడుల్లో నడిచే 'బికమింగ్ ఎ మ్యాన్' అనే కార్యక్రమం ఈ సంగతి అర్థం చేసుకుంది. 2000ల తొలినాళ్లలో మొదలైంది. వారానికో గంట, పదిమందో పన్నెండుమందో మగపిల్లలు ఒక కౌన్సెలర్ చుట్టూ కూర్చుంటారు. ఆ గంట మామూలు క్లాసు ఎగ్గొట్టవచ్చు గనక మొదట్లో అందుకే వచ్చేవాళ్లు కొందరు. తొలి రోజుల్లో ఆడించే ఆటలలో ఒకదాని పేరు 'పిడికిలి'. ఇద్దరిద్దరిని జతచేసి ఒకడి చేతిలో బంతి పెడతారు. రెండోవాడితో, "నీకు ముప్ఫై సెకన్లు టైము. వాడి పిడికిట్లోంచి బంతి తీసుకో" అంటారు. అంతే, గది రణరంగం. వేళ్లు విరిచేవాడు, మెడ పట్టుకునేవాడు, కింద పడేసి మీదెక్కేవాడు. టైము అయిపోతుంది, ఎవడి బంతి వాడి దగ్గరే ఉంటుంది. తర్వాత పాత్రలు మార్చి ఇంకోసారి, మళ్లీ అదే గలాటా. అప్పుడు కౌన్సెలర్ తాపీగా అడుగుతాడు: "మీలో ఒక్కడైనా బంతి ఇవ్వమని అడిగాడా?" పిల్లలు తెల్లమొహం వేస్తారు. అడిగితే పిరికివాడనుకుంటాడనో, అడిగినంత మాత్రాన ఇస్తాడా అనో గొణుగుతారు. కౌన్సెలర్ జతగాడివైపు తిరుగుతాడు. "అడిగుంటే ఇచ్చేవాడివా?" సాధారణంగా వచ్చే జవాబు: "ఇచ్చేవాణ్ణేమో. బంతేగా."

ఈ ఆటలో ఎక్కడా నీతిపాఠం లేదని గమనించండి. కొట్టడం తప్పని ఎవరూ అనలేదు. ఆ కుర్రాళ్లుండే వీధుల్లో కొన్నిసార్లు తిరగబడక తప్పదని కౌన్సెలర్‌కీ తెలుసు. ఎదుటివాడి మనసులో ఏముందో అడక్కుండానే తేల్చేశావు, మరొక్క క్షణం ఆగి చూడు అన్నంతవరకే వాళ్లకి ఎక్కిస్తారు. 2009–10 విద్యాసంవత్సరంలో 18 బడుల్లో 2,740 మంది అబ్బాయిల్ని లాటరీ పద్ధతిలో విడదీసి పరీక్షించారు. పాల్గొన్నవాళ్లలో హింసాత్మక నేరాలకి అరెస్టులు ఆ ఏడాది దాదాపు సగానికి పడిపోయాయి. తర్వాత జరిగిన ఇంకో పరీక్షలో పిల్లలతో డబ్బుల ఆట ఆడించారు. రెచ్చగొట్టినప్పుడు నిర్ణయం తీసుకోవడానికి కార్యక్రమంలో ఉన్నవాళ్లు మిగతావాళ్లకంటే బాగా ఎక్కువసేపు ఆలోచించారు. మొదటి పరీక్షలో ఏడాది గడిచి కార్యక్రమం ఆగాక అరెస్టుల్లో తేడా చెరిగిపోయింది, చదువులో వచ్చిన లాభం మాత్రం నిలిచింది. ఏ కార్యక్రమాన్నీ అద్భుతమని ఎత్తుకునే ముందు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోవాలి.

మనకి కోపం గురించి బోధనలకేం తక్కువ లేదు. సుమతీ శతకంలో కోపాన్ని శత్రువుగా చెప్పే పద్యం తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లు చాలామంది నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలరు. ఆ పద్యం అప్పజెప్పి ఇంటర్వెల్‌లో కొట్టుకున్నవాళ్లూ వాళ్లే. ఈతని గట్టుమీద నిలబెట్టి నేర్పలేం కదా. ఒళ్లు వేడెక్కి, గుండె దడదడలాడుతున్నప్పుడు ఏం చెయ్యాలో ఆ దడ ఉండగానే, ప్రమాదం లేని చోట, మళ్లీ మళ్లీ చేయించాలి.

మాంట్రియల్ బృందం సరిగ్గా ఇదే చేసింది, అదీ చాలా ముందే. 1985లో, తమ 1,037 మందిలో టీచర్లు బాగా దురుసువాళ్లని చెప్పిన పిల్లల్లోంచి లాటరీ తీసి, కొందరికి ఏడేళ్ల నుంచి తొమ్మిదేళ్ల దాకా రెండేళ్ల శిక్షణ ఇచ్చింది. బడిలో పందొమ్మిది సమావేశాలు. మొదటి ఏడాది విషయాలు చూడండి: కొత్తవాణ్ణి ఎలా పలకరించాలి, ఎలా సాయపడాలి, 'ఎందుకు' అని ఎలా అడగాలి, ఆటలోకి ఎలా పిలవాలి. రెండో ఏడాదిలో అసలు పాఠాలు: కోపం వచ్చినప్పుడు నేనేం చెయ్యాలి, నన్ను ఆటలో చేర్చుకోకపోతే ఏం చెయ్యాలి, ఏడిపిస్తే ఏం చెయ్యాలి. ఇవన్నీ నాటకంలా వేయించి చేశారు. ఒకడు వెక్కిరిస్తాడు, రెండోవాడు దానికి జవాబివ్వాలి, మళ్లీ చెయ్యాలి, ఇంకా బాగా చెయ్యాలి.

ఇక్కడ వాళ్లు తీసుకున్న ఒక జాగ్రత్త నన్ను అన్నిటికంటే ఆకట్టుకుంది. దురుసు పిల్లలందర్నీ ఒకచోట పోగెయ్యలేదు. గుంపులో అలాంటివాళ్లు ఒకరో ఇద్దరో, మిగతావాళ్లంతా టీచర్లు నెమ్మదస్తులని చెప్పిన తోటి పిల్లలు. ఈ జాగ్రత్త ఎందుకో తెలియాలంటే అమెరికాలో జరిగిన ఒక విషాదం చెప్పాలి. బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో 1939లో 506 మంది అబ్బాయిలతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. సగంమందికి సలహాదారులు, ట్యూషన్లు, వైద్యం, వేసవి శిబిరాలు, అన్నీ మంచి మనసుతోనే. ముప్ఫై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లని వెతికి పట్టుకుని 1978లో ఫలితాలు ప్రకటించింది. సాయం అందినవాళ్లు అందనివాళ్లకంటే ఏ విషయంలోనూ మెరుగ్గా లేరు, కొన్ని విషయాల్లో అధ్వాన్నంగా ఉన్నారు. శిబిరాలకి ఒకటికి రెండుసార్లు వెళ్లినవాళ్ల సంగతి మరీ ఘోరం. అల్లరివాళ్లని ఒక చోట చేరిస్తే ఒకడి ఘనకార్యానికి ఇంకొకడు చప్పట్లు కొడతాడు. క్లాసులో 'చివరి బెంచీ'ని సృష్టించి అక్కడికి కొందర్ని తరిమే ప్రతి బడీ చిన్న ఎత్తున ఈ ప్రయోగాన్నే చేస్తోంది.

మాంట్రియల్‌లో రెండో సగం ఇళ్లల్లో జరిగింది. శిక్షకులు ఒక్కో కుటుంబం దగ్గరికి సగటున పదిహేడుసార్లు వెళ్లారు. ఆరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ రూపొందించిన పద్ధతి వాళ్లకి ఆధారం. ప్యాటర్సన్ వందల గంటలు ఇళ్లల్లో కూర్చుని గమనించినదేమిటంటే: పిల్లవాడు చాక్లెట్ కావాలంటాడు. అమ్మ వద్దంటుంది. వాడు కింద పడి పొర్లుతాడు. నలుగురూ చూస్తున్నారని అమ్మ కొనిస్తుంది, వాడు టక్కున ఆపేస్తాడు. గోల పెంచితే పని అవుతుందని వాడు నేర్చుకున్నాడు. ఇచ్చేస్తే గోల ఆగుతుందని అమ్మ నేర్చుకుంది. మర్నాడు అమ్మ ముందే ఒకటి తగిలిస్తుంది, వాడు నోరు మూసుకుంటాడు. తగిలిస్తే పని అవుతుందని ఈసారి ఇద్దరూ నేర్చుకున్నారు. ఏళ్ల తరబడి రోజుకి పదిసార్లు నడిచే ఈ పాఠశాల ముందు పందొమ్మిది సమావేశాలు ఏపాటివి? అందుకే శిక్షకులు ఇళ్లకి వెళ్లారు. చిన్న మంచిపనిని కూడా చూసి మెచ్చుకోవడం, చెప్పిన మాట మీద నిలబడటం, కొట్టకుండా శిక్షించడం తల్లిదండ్రుల చేత సాధన చేయించారు.

పన్నెండేళ్లు వచ్చేసరికి శిక్షణ పొందిన పిల్లలు కొట్లాటల్లో వెనకబడ్డారు. ఇరవై నాలుగేళ్లకి చూస్తే వాళ్లలో హైస్కూలు చదువు పూర్తిచేసినవాళ్లు 46 శాతం, శిక్షణ లేనివాళ్లలో 32 శాతం. నేరచరిత్ర నమోదైనవాళ్లు ఇటు 22 శాతం, అటు 33. అన్ని వైపులా కలిపి 250 మందే కాబట్టి నేరాల్లో తేడా గణాంకాల లెక్కకి అంచుమీదే నిలిచింది. నేనైతే దాన్ని రుజువు అనను, గట్టి ఆశ అంటాను. ఏడేళ్లప్పుడు చేసిన పని జాడ పదిహేనేళ్ల తర్వాత కనిపించడమే విశేషం. ఈ కృషికి 2017లో ట్రెంబ్లేకి నేరశాస్త్రంలో స్టాక్‌హోమ్ బహుమతి ఇచ్చారు.

పనిచెయ్యనివి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మార్కెట్లో ఎక్కువ దొరికేవి అవే. కోపాన్ని దిండు మీదో సంచి మీదో గుద్ది కక్కేస్తే పోతుందన్నది వాటిలో మొదటిది. 154 అధ్యయనాల్ని కలిపి 2024లో వచ్చిన సమీక్షలో ఈ కక్కెయ్యడం కోపాన్ని తగ్గించలేదు. ఒంటి వేడిని దించే నిదానమైన ఊపిరి, ధ్యానం, కండరాల్ని సడలించడం తగ్గించాయి. అలాగని ధ్యానాన్ని క్లాసులో పాఠంగా పెట్టేస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. బ్రిటన్‌లో 85 బడుల్లో 8,000 మందికి పైగా పిల్లల్ని తీసుకుని, వాళ్లలో దాదాపు సగంమందికి మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పించి 2022లో ఫలితాలు చూస్తే, మామూలుగా బడికి వెళ్లినవాళ్లకంటే వీళ్లకి ఒరిగిందేమీ లేదు. చాలామంది పిల్లలు ఇంటికెళ్లి అసలు సాధనే చెయ్యలేదు. కోపం లేనప్పుడు, అక్కర లేనివాళ్లకి, అందరికీ ఒకే మందు పోస్తే ఇంతే.

ఇక దెబ్బలు. దెబ్బకి దెయ్యం వదులుతుందంటారు మనవాళ్లు. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 2016లో 1,60,000 మందికి పైగా పిల్లల వివరాలున్న 75 అధ్యయనాల్ని జల్లెడ పట్టారు. దెబ్బలు తిన్న పిల్లల్లో దురుసుతనం ఎక్కువగానే ఉంది, ఒక్క మంచి ఫలితానికీ ఆధారం దొరకలేదు. దురుసుగా ఉన్నారు కాబట్టే దెబ్బలు తిన్నారేమో అనవచ్చు. కొంత అలాగూ ఉంటుంది. పోనీ, దెబ్బలతో దారికొచ్చిన జాడైనా కనిపించాలి కదా, అదీ లేదు. మన విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షనీ మానసిక వేధింపునీ నిషేధించింది. ఆ సెక్షన్ సంగతి ఎన్ని స్టాఫ్‌రూముల్లో తెలుసో పాఠకులకే వదిలేస్తున్నాను.

ఇదంతా డబ్బున్న దేశాల కథ, మనకెక్కడ కుదురుతుంది అనేవాళ్లు బిహార్ వైపు చూడాలి. నలందా జిల్లాలో 74 ఉన్నత పాఠశాలల్లో, తొమ్మిదో తరగతి పిల్లల మీద దృష్టి పెట్టి 'సెహర్' అనే కార్యక్రమాన్ని పరీక్షించారు. ఫలితాలు 2018లో 'లాన్సెట్' పత్రికలో వచ్చాయి. అసెంబ్లీలో మాట్లాడటం, గోడపత్రిక, పిల్లలు ఫిర్యాదులు రాసి వేసే పెట్టె, వేధింపులకీ దెబ్బలకీ వ్యతిరేకంగా బడి పెట్టుకునే నియమాలు, కావాల్సినవాళ్లతో విడిగా మాట్లాడటం, ఇవీ అందులోని పనులు. కొన్ని బడుల్లో ఈ పని చుట్టుపక్కల ఊళ్ల నుంచి తీసుకుని శిక్షణ ఇచ్చిన మామూలు యువతీయువకులకి అప్పగించారు. కొన్ని బడుల్లో అక్కడి టీచర్లకే ఇచ్చారు. మొదటి రకం బడుల్లో పిల్లల మధ్య వేధింపులు, హింస తగ్గాయి, బడి వాతావరణం బాగా మెరుగుపడింది. టీచర్లకి అప్పగించిన బడుల్లో ఏ మార్పూ లేదు. టీచర్లు చెడ్డవాళ్లని దీనర్థం కాదు. సిలబస్సు, పరీక్షలు, రిజిస్టర్లు, ఎన్నికల డ్యూటీలు మోసేవాళ్ల నెత్తిన ఇదీ పెడితే, పిల్లవాడికి ఇవ్వాల్సిన నెమ్మది వాళ్ల దగ్గరే మిగలదు. పైగా, బెత్తం పట్టుకున్నవాళ్ల దగ్గర పిల్లవాడు మనసు విప్పుతాడనుకోవడం అత్యాశ.

కాబట్టి మీ పిల్లల బడిలో పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మార్కులతో పాటు ఒక్క మాట అడగండి: పిల్లలు కొట్టుకుంటే ఆ తర్వాత ఇద్దరితో మాట్లాడే మనిషి ఇక్కడెవరు? ఎవరూ లేకపోతే ఒకర్ని పెట్టమని నలుగురు తల్లిదండ్రులు కలిసి అడగండి. మీ పిల్లవాడు చొక్కా చింపుకుని ఇంటికొచ్చిన రోజున, ముందు ఎవడు కొట్టాడన్న విచారణ కాసేపు ఆపండి. వాణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఊపిరి కుదురుకున్నాక అడగండి: "వాడు కావాలనే చేశాడని నీకెలా తెలిసింది?"